రహీమన్న చెయ్యి, రెండు మీటర్ల నలభై మూడు

పుంగనూరు బస్టాండు వెనక సందులో నాకొక జిరాక్సు అంగడి ఉంది. నా పేరు ఓబులేసు. ఊరి వాలీబాల్ క్లబ్బుకు సెక్రటరీని కూడా నేనే. నాకు ఆట వచ్చని కాదు, క్లబ్బు కాయితాలకు డబ్బులు అడగనని ఆ పదవి ఇచ్చారు. ఈ సంగతి మొదట్లోనే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఇందులో జరిగిన తప్పు నాది. దాన్ని మోసింది మాత్రం అబ్దుల్ రహీం.

రహీమన్నకు అరవై నాలుగేళ్లు. మసీదు వీధి మలుపులో తాళ్ల అంగడి ఆయనది. ఎద్దులకు ముకుతాళ్లు, ఆవులకు పలుపులు, లారీలకు మోకులు పేనడం వాళ్ల నాయన నాటి నుంచి వచ్చిన పని. వాలీబాల్ నెట్లు అల్లడం మాత్రం ఆయన సొంత పిచ్చి. వయసులో ఉన్నప్పుడు ఆరడుగుల ఒక అంగుళం ఉండేవాడు. 1991లో మా ఊళ్లో మొదటి టోర్నమెంటు పెట్టినప్పుడు నెట్టు ఎత్తు కొలవడానికి ఊరంతా వెతికినా సరైన టేపు దొరకలేదు. అప్పటి డ్రిల్లు మాస్టారు పలమనేరు నుంచి ఒకటి ఎరువు తెప్పించి కొలిచాడు. మగవాళ్ల ఆటకు నెట్టు రెండు మీటర్ల నలభై మూడు సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. కొలిచాక, పక్కనే నిలబడిన రహీమన్నను ఊరికే ఒకసారి చెయ్యెత్తమన్నాడు. నడిమి వేలి కొస నెట్టు పై పట్టీకి సరిగ్గా తగిలింది. వెంట్రుకవాసి తేడా లేదు. మాస్టారు టేపు చుట్టి వెనక్కి పంపేశాడు. ఆ తర్వాత మా పక్క ఎవరికీ టేపుతో పని పడలేదు.

ముప్పై నాలుగేళ్లుగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ల మధ్య యాడ వాలీబాల్ ఆడినా నెట్టు కట్టింది ఆయన చేతి కొలతకే. అదొక తంతు. రెండు జట్ల కెప్టెన్లూ చెరోపక్క నిలబడతారు. రహీమన్న చెప్పులు విడిచి, బిస్మిల్లా అనుకుని, నెట్టు నడుమ నిలబడి కుడిచెయ్యి ఎత్తుతాడు. గుంజల దగ్గర ఉన్నవాళ్లు తాడు బిగిస్తూ పోతారు. పట్టీ వేలికొసకు తగలగానే ‘సరే’ అంటాడు. ఆ మాట వినపడితేనే విజిల్. ఆట నడుమ ఎవరైనా నెట్టు మీద పేచీ పెడితే అంపైరును అడగరు, రహీమన్న చెయ్యి పెట్టమంటారు. చెయ్యి పెట్టాక ఎంత మొండివాడైనా నోరు మూసుకోవాల్సిందే.

ఒకసారి హైస్కూలుకు కొత్తగా వచ్చిన పీఈటీ మాస్టారు ఒకాయన తన టేపుతో కొలిచి, నెట్టు ఆరు సెంటీమీటర్లు తక్కువుందన్నాడు. జనం ఆయన టేపును చేతుల్లోకి తీసుకుని అటూఇటూ తిప్పి చూసి, సంతలో కొన్న చౌక సరుకని తేల్చేశారు. ఇక మా కుర్రాళ్లు విజయవాడకో గుంటూరుకో వెళ్లి ఆడినప్పుడల్లా బంతులు నెట్టుకు కొట్టి ఓడిపోయి వచ్చేవాళ్లు. అంత ఎగిరి కొట్టేవాళ్లు అక్కడెందుకు కొట్టలేకపోయారో మాకు బాగా తెలుసు. మనవాళ్లు వస్తున్నారని తెలిసి ఆ ఊళ్లవాళ్లు నెట్టు ఎత్తి కట్టేవాళ్లు. కుట్ర. ఈ విషయంలో మూడు ఊళ్లలో రెండో అభిప్రాయం లేదు.

ఇట్లా సుఖంగా ఉన్న మా మీద నిరుడు లీగ్ వచ్చి పడింది. రాష్ట్రంలో ఎనిమిది క్లబ్బులతో అగ్రశ్రేణి వాలీబాల్ లీగ్ అట. టీవీలో వస్తుందట. అందులో ఆడాలంటే ఆట వస్తే చాలదు, క్లబ్బుకు లైసెన్సు ఉండాలి. బండి తోలేవాణ్ణి లైసెన్సు అడగడం చూశాం గానీ బంతి కొట్టేవాణ్ణి అడగడం అప్పుడే చూశాం. నిబంధనల పుస్తకం నూట పద్దెనిమిది పేజీలు. దాన్ని నా అంగట్లోనే పదకొండు కాపీలు తీశాను. మొత్తం చదివినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ చదివినందుకే నాకు ఈ గతి పట్టింది.

మా మూలకంతా కలిపి ఒక్కటే లైసెన్సు. కాబట్టి మూడు ఊళ్లూ కలిసి ఒకే క్లబ్బు కావాలి. పేరులో ఎవరి ఊరు ముందుండాలన్న దానికి నాలుగు సమావేశాలు పట్టాయి. జట్టులో ఎవరు ఆడాలన్నది పది నిమిషాల్లో తేలిపోయింది. మదనపల్లెవాళ్లకు పేరులో మొదటి చోటు దక్కింది. కుప్పంవాళ్లకు చొక్కా రంగు వదిలేశాం. నడిమధ్య ఉన్న మా ఊరికి ఆటస్థలం వచ్చింది. అధ్యక్షుడు గంగులప్ప. ఆయనకు పుంగనూరులో కల్యాణమండపం ఉంది. వాలీబాల్ అంటే ప్రాణమని ఆయన ప్రతి మైకులోనూ చెప్తాడు. బంతిని ముట్టుకోగా ఎవరూ చూడలేదు.

లైసెన్సుకు ఏమేం కావాలో వినండి. క్లబ్బుకు ముఖ్య కార్యనిర్వహణాధికారి కావాలి. మీడియా అధికారి, భద్రతాధికారి, ఆటగాళ్ల సంక్షేమాధికారి కావాలి. ఈ నాలుగూ నేనే. భద్రతలో లోపం కనపడితే సంక్షేమాధికారినైన నేను భద్రతాధికారినైన నాకు లేఖ రాయాలి, నకలు ముఖ్య కార్యనిర్వహణాధికారినైన నాకే పంపాలి. ప్రముఖులకు నలభై సోఫాలు కావాలి. అవి గంగులప్ప మండపం నుంచి వచ్చాయి. బంగారు రంగు చేతులు, ఎర్ర మఖమలు, పెండ్లికొడుకు పెండ్లికూతురు కూర్చునేవి. సెల్ఫీలు దిగే చోటు కావాలి. క్లబ్బుకు గుర్తుగా ఒక బొమ్మజంతువు, వాళ్ల భాషలో మస్కట్, ఉండాలి. మేము పుంగనూరు ఆవు అని రాశాం. ఆ వేషం లోపల ఉండే మనిషి పేరు, వయసు, ఆరోగ్య పత్రం పంపమన్నారు. లోపల మనిషి లేడు, అది ఆవే అని రెండుసార్లు జవాబు రాయాల్సి వచ్చింది.

ఇట్లా ఎనభై నాలుగు అంశాలు నింపుతూ నింపుతూ అరవై ఏడో అంశానికి వచ్చేసరికి నా బుర్ర పనిచేయడం మానేసింది. నెట్టు ఎత్తును కొలవడానికి క్లబ్బు దగ్గరున్న పరికరం ఏది అని ప్రశ్న. ఎవరినైనా అడగాల్సింది. లేదా ‘టేపు’ అని ఒక్క ముక్క రాసి ముందుకు పోవాల్సింది. నాకు ఆ ఆలోచనే రాలేదు. మా పక్క పుట్టిన ఎవడికీ వచ్చేది కాదు. ఉన్నదున్నట్టు రాశాను: ‘అబ్దుల్ రహీం గారి కుడిచెయ్యి. ముప్పై నాలుగు సంవత్సరాలుగా వాడుకలో ఉన్నది.’

వారం తిరక్కుండా లీగ్ ఆఫీసు నుంచి మెయిలు వచ్చింది. వాళ్లు నవ్వలేదు. తిట్టలేదు. ‘అరవై ఏడో అంశంలో మీరు పేర్కొన్న పరికరానికి ఖచ్చితత్వ ధ్రువపత్రం జతచేయలేదు. గుర్తింపు పొందిన ప్రయోగశాల నుంచి పత్రం తెచ్చి పదిహేను రోజుల్లో పంపవలెను. లేనిచో దరఖాస్తు తిరస్కరించబడును. పరికరం తయారైన సంవత్సరం, తయారీదారు పేరు కూడా తెలుపవలెను.’

టేపు కొని పేరు మార్చి రాద్దామని గంగులప్పకు చెప్పాను. గడువు దాటాక ఒక అంశం మార్చినా అది కొత్త దరఖాస్తు అవుతుందని తొంభై మూడో పేజీలో ఉంది. ఆ పేజీ నేనే చూపించాను, నా ఖర్మ. ఇక రహీమన్నను కలిశాను. విషయం చెబితే మొదట నా మొహం చూశాడు, తర్వాత తన చెయ్యి చూసుకున్నాడు. తయారైన సంవత్సరం 1961 అని చెప్పాడు. తయారీదారు ఎవరని అడిగితే ఆకాశం వైపు వేలు చూపించాడు. ఇంత వయసులో తన చేతికి సర్కారు కాయితం దొరకబోతోందని లోపల మురిసిపోయాడు కూడా. ఆ రోజు అంగడికి వచ్చినవాళ్లందరికీ చెప్పాడని తర్వాత తెలిసింది.

మదనపల్లె అవతల అంగళ్లు అనే ఊళ్లో ఇంజనీరింగు కాలేజీ ఉంది. అక్కడ కొలతల ల్యాబు చూసే స్వర్ణలత అనే లెక్చరరమ్మ మాకు తెలిసినావిడే. సొంతూరు పెద్దమండ్యం. ఆమె అన్న ఒకప్పుడు రహీమన్న చేతి కొలతకు కట్టిన నెట్టు మీదే ఆడాడు. రహీమన్న ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని బయలుదేరాడు. స్వర్ణలత మెయిలు చదివి కాసేపు నవ్వింది. తర్వాత చాలా మర్యాదగా ఆయన్ని చెప్పులు విడవమని, గోడకు ఆనుకోకుండా నిలబెట్టి, చెయ్యెత్తించి, ఎర్రచుక్క పడే యంత్రం ఒకటి పెట్టి కొలిచింది. తెరమీద అంకె పడింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

రెండు మీటర్ల ముప్పై నాలుగు.

ఇంకొకసారి కొలవమని అడిగాను. కొలిచింది. రహీమన్న ఊపిరి బిగబట్టి, మెడ సాచి, వేళ్లు విరిగేంత లాగాడు. ముప్పై నాలుగే. మూడోసారి యంత్రం మార్చింది. యంత్రం మారింది గానీ మనిషి మారడు కదా.

‘‘వయసుకు అందరమూ తగ్గతామన్నా,’’ అంది స్వర్ణలత మెల్లగా. ‘‘ఎన్నుపూసలు దగ్గరబడతాయి. మీది భుజం కూడా పూర్తిగా లేస్తాండలేదు. నలభై ఏండ్లు తాళ్లు పేనిన భుజం గదా.’’

ఆమె అబద్ధం రాయనంది. పత్రంలో తొమ్మిది సెంటీమీటర్లు తక్కువ అని రాసి సంతకం చేసి ఇచ్చింది. తిరుగు బస్సులో రహీమన్న ఆ కాయితం నా చేతికి ఇవ్వలేదు. మదనపల్లె దాటేదాకా దాన్ని మడుస్తూ, విప్పుతూ కూర్చున్నాడు. పక్కన కూర్చున్న నాకు ఏం మాట్లాడాలో తెలియక కండక్టరును రెండుసార్లు అనవసరంగా టైము అడిగాను.

‘‘ఓబులేసూ, యానాటి నుంచి తగ్గింటాదప్పా?’’ అన్నాడు చివరికి.

నాకేం తెలుసు? ఏదో ఈ మధ్యనేలే అన్నాను. ఆయన వినలేదు. పీఈటీ వచ్చింది ఎన్నేళ్ల కిందటో లెక్క వేసుకున్నాడు. అప్పటికే ఆరు తగ్గింది. ఆ తర్వాత ఏ ఏ ఊళ్లో ఏ ఏ ఫైనలుకు చెయ్యి పెట్టాడో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. గెలిచినవాళ్ల పేర్లు, ఓడినవాళ్ల పేర్లు, అన్నీ గుర్తే. అప్పుడు నాకూ వెలిగింది. విజయవాడలో ఎవడూ నెట్టు ఎత్తి కట్టలేదు. మాకు మేమే దించుకుని, దాని మీద ఎగిరి, మాకంటే మొనగాళ్లు లేరనుకున్నాం. ఎవరో ఒక్కసారిగా దించితే తెలిసేది. ఏడాదికి ఇంత చొప్పున దిగింది కాబట్టి, కుర్రాళ్లు ఏటికేడాది బాగా ఎగురుతున్నారని మెచ్చుకుంటూ కూర్చున్నాం.

గంగులప్పకు చెబితే అసలు కంగారుపడలేదు. కాయితం అడిగినారు, కాయితం పంపు అన్నాడు. అందులో తక్కువ అని ఉందన్నా అన్నాను. ఎవరు చదువుతారని ఎదురు అడిగాడు. నేను భయపడుతూనే పంపాను. మూడో రోజు జవాబు: ‘ధ్రువపత్రం అందినది. అరవై ఏడో అంశం పూర్తి.’ అంతే. ఆ పక్కనే, ఫలానా తేదీన ఇద్దరు పరిశీలకులు వస్తారని, ఒక ప్రదర్శన మ్యాచి ఆడించాలని ఉంది. మొత్తం వంద మార్కులు. అరవై వస్తే లైసెన్సు. సోఫాలకు పది, మరుగుదొడ్లకు పది, సెల్ఫీ చోటుకు అయిదు, ఇట్లా పోగా పోగా చిట్టచివర ఆట నాణ్యతకు అయిదు.

గంగులప్పకు కొత్త ఆలోచన పుట్టింది. పరిశీలకుల ముందు, టీవీవాళ్ల ముందు రహీమన్న ఎప్పటిలాగే చెయ్యెత్తాలి. ‘మా సంప్రదాయం’ అని మైకులో తాను చెప్తాడు. నెట్టు తొమ్మిది సెంటీమీటర్లు కిందనే ఉంటుంది కాబట్టి మన కుర్రాళ్లు ఇరగదీస్తారు. సంగతి తెలిసింది మొత్తం నలుగురికి. అందులో స్వర్ణలత అంగళ్లులో ఉంది. మిగతా ముగ్గురమూ నోరు మెదపకపోతే మూడు ఊళ్లకూ పేరొస్తుంది. ఇదీ ఆయన లెక్క. రహీమన్నను ఒప్పించే పని సంక్షేమాధికారిగా నాకు పడింది.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. రహీమన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయన భార్య ఫాతిమున్నీసా కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. లైసెన్సు పోతే మన కుర్రాళ్లకు టీవీలో ఆడే రాత పోతుందన్నాను. ఒక్క రోజు, ఒక్కసారి చెయ్యెత్తితే చాలన్నాను. చెప్తుంటే నా మాటలు నాకే రోతగా ఉన్నాయి, అయినా చెప్పాను.

‘‘నేను సరే అంటేనే ఆట మొదులుపెడతారు,’’ అన్నాడు రహీమన్న ఇటు తిరక్కుండానే. ‘‘ఈ ఊర్లో నాకు మిద్దె లేదు, చేను లేదు. ఉండేది ఆ ఒక్క మాట. తెలియక అంటి, అది వేరే. తెలిసీ అంటే ఇంగ నాకేముండాది?’’

ఫాతిమున్నీసా మిషను ఆపి, టీ తాగమని గ్లాసు నా ముందు పెట్టింది. ఆమె మొహంలో ఆశ్చర్యమేమీ లేకపోవడం అప్పుడు గమనించాను.

‘‘నాకు ఎప్పుడో తెలుసన్నా,’’ అంది. ‘‘ఎనిమిదేండ్లుగా ప్రతి రంజాన్‌కీ ఈయన పైజమా అడుగున ఇంత మడిచి కుడతాండా. మనిషికి చెప్పలేదు. బాధపడతాడని.’’

రహీమన్న లేచి కూర్చున్నాడు. గూట్లో ఉన్న పాత పైజమా తెప్పించి, అడుగు మడత విప్పి చూశాడు. ఆ ఒక్కదాంట్లోనే, ఒకదాని కింద ఒకటి, కుట్టు గీతలు నాలుగు కనపడ్డాయి. వాటిని చాలాసేపు వేలితో తడిమాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన భార్యవైపు చూసి, ఇంత సన్నంగా కుట్టినావే, నాకు కనపడనేలేదు అన్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ మిషను ముందు కూర్చుంది. ఆ తర్వాత నేను లైసెన్సు మాట ఎత్తలేదు.

పరిశీలన రోజు పొద్దున ఆరింటికే గ్రౌండుకు వెళ్లాను. అప్పటికే రహీమన్న వచ్చి ఉన్నాడు. హార్డువేరు అంగట్లో కొన్న కొత్త స్టీలు టేపు చేతిలో ఉంది. నెట్టు తనే కట్టేశాడు. నన్ను టేపు చివర పట్టుకోమన్నాడు. రెండు మీటర్ల నలభై మూడు. నడుమన, రెండు కొసల దగ్గర, మూడు చోట్లా చూశాడు. కిందనుంచి తలెత్తి చూస్తే నాకు ఆ నెట్టు ఎక్కడో ఉన్నట్టు అనిపించింది. గంగులప్ప చూస్తే చంపుతాడన్నాను. ఆయన ఆట నాడైనా నెట్టు చూడడులే అన్నాడు రహీమన్న.

అదే నిజమైంది. పదింటికి పరిశీలకులు ఇద్దరు తెల్లకారులో దిగారు. గంగులప్ప శాలువాలు కప్పాడు. వాళ్లు సోఫాలు నలభైయేనా అని లెక్కపెట్టారు. మరుగుదొడ్ల తలుపులు తెరిచి మూశారు. సెల్ఫీ చోట సెల్ఫీ దిగారు. ఆవు దగ్గరికి వెళ్లి, దాని కళ్లలోకి చూసి, లోపల మనిషి లేడని నిర్ధారించుకుని రాసుకున్నారు. తర్వాత ఎర్ర సోఫాల్లో కూర్చుని కొబ్బరినీళ్లు అందుకున్నారు. మూడు ఊళ్ల జనం గ్రౌండు చుట్టూ కిక్కిరిసి ఉన్నారు. నెట్టుకు ఇటు మూడు ఊళ్లూ కలిసిన మా క్లబ్బు జట్టు, అటు ప్రదర్శన మ్యాచికని మదనపల్లె నుంచి పిలిపించిన వేరే జట్టు.

మా జట్టు కెప్టెన్ మహేష్. కుప్పం అబ్బాయి, ఇరవై ఎనిమిదేళ్లు. వరసగా నాలుగేళ్లు మూడు ఊళ్లలో ఉత్తమ ఆటగాడి కప్పు వాడిదే. వాడు ఎగిరితే నడుము దాకా నెట్టు పైన కనపడతాడని జనం చెప్పుకునేవాళ్లు. ఆ జనంలో ముందు వరసలోనే పెద్దపంజాణి ఈరప్ప ఉన్నాడు. గొర్రెల మందలున్న మనిషి. పెద్దపంజాణి జట్టుకు చాలా ఏళ్లు కెప్టెన్. ప్రతి ఏడూ గెలిచినవాళ్లకు బహుమతిగా ఒక పొట్టేలును తనే ఇచ్చేవాడు, దాన్ని తనే గెలుచుకుని ఇంటికి తోలుకుపోవాలని. నాలుగేళ్లూ మహేష్ చేతిలో ఓడిపోయి నాలుగు పొట్టేళ్లు పోగొట్టుకున్నాడు.

గంగులప్ప మైకులో సంప్రదాయం గురించి ఎత్తుకున్నాడు. రహీమన్న చెప్పులు విడిచాడు. నెట్టు నడుమ నిలబడ్డాడు. చెయ్యెత్తాడు.

వేలికొసకూ పట్టీకీ మధ్య సందు. నాలుగు వేళ్లు దూర్చేంత, ఇంకా కొంచెం ఎక్కువే.

జనం ఒక్క క్షణం బిత్తరపోయారు. తర్వాత గోల మొదలైంది. ఎవరి మీద అనుకున్నారు? నెట్టు మీద. నెట్టు ఎత్తి కట్టినారని, ఎవరో కావాలని చేశారని, మదనపల్లె జట్టు పనేనని మావాళ్లు, మావాళ్ల పనేనని మదనపల్లెవాళ్లు. టేపుతో కొలిచి కట్టామని నేను అరిచాను. ఆ టేపు యాడ కొన్నావని నన్నే నిలదీశారు. ఇద్దరు కుర్రాళ్లు తాడు వదులు చేయడానికి గుంజల దగ్గరికి పరిగెత్తారు. రహీమన్న చెయ్యి దించలేదు. ఎత్తిన చెయ్యి అట్లే పెట్టుకుని, గంగులప్ప దగ్గర నుంచి మైకు రెండో చేత్తో అందుకున్నాడు.

‘‘తాడు ముట్టుకోవద్దండప్పా,’’ అన్నాడు. ‘‘నెట్టు సరిగ్గానే ఉండాది. కురచైంది నేను. పది పన్నెండేండ్లుగా మీకందరికీ తక్కువ నెట్టు కట్టినా. తెలియక కట్టినా. ఈ ఏండ్లల్లో ఆడినోళ్లందరూ నన్ను మన్నించాల.’’

ఆవు మెడలో గంట మోగడం వినపడింది. ముప్పై నాలుగేళ్లు వాళ్లు దేవుడి మీదైనా అనుమానపడ్డారు గానీ ఆ చెయ్యి మీద పడలేదు. ఇప్పుడు ఆ చెయ్యే తాను తప్పంటే ఏం చేయాలో వాళ్లకు తెలియలేదు. గంగులప్ప మొహం నల్లబడిపోయింది. పరిశీలకుల్లో ఒకాయన కొబ్బరిబోండాం స్ట్రా నోట్లోంచి తీసి, ఈ కార్యక్రమం ఇంకా ఎంతసేపని నన్నడిగాడు.

మహేష్ కదిలాడు. నెట్టు దగ్గరికి వచ్చి, తలెత్తి చూసి, ఒకసారి ఎగిరాడు. నడుము దాకా కాదు, మెడ దాకానే కనపడ్డాడు. దిగి రహీమన్న ఎదురుగా నిలబడ్డాడు.

‘‘అయితే నా కప్పులన్నీ ఉత్తివేనా మామా?’’ అన్నాడు.

రహీమన్న ఎత్తిన చెయ్యి అప్పటికి దిగింది. ఆయన భయపడింది దీనికేనని నాకు అప్పుడు అర్థమైంది. తన పేరు పోతుందని కాదు. తన మాట నమ్మి ఎగిరినవాళ్లది పోతుందని. నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేదనిపించింది.

ముందు వరసలోంచి ఈరప్ప లేచి, గీత దాటి లోపలికి వచ్చాడు. మహేష్‌ను భుజం పట్టి తనవైపు తిప్పుకున్నాడు.

‘‘ఉత్తివి యాలవుతాయిరా? నెట్టు తగ్గింటే నీ పక్కొకటే తగ్గలేదు, నా పక్కా తగ్గింది గదా. ఇద్దరికీ ఒకటే నెట్టు. అయినా నువ్వే గెలిచినావు. నా నాలుగు పొట్టేళ్లు నిజంగా తినేసి ఇప్పుడు ఉత్తివంటే నేనొప్పుకోను.’’

ఎక్కడో ఒకడు నవ్వాడు. తర్వాత ఇంకొకడు. మహేష్ చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. ఈరప్ప రహీమన్న దగ్గరికి పోయి, మన్నింపులేం మాట్లాడకుండా, ఆట మొదులుపెట్టియ్యి రహీమూ, ఎండ ఎక్కుతాంది అన్నాడు. రహీమన్న నెట్టును ఒకసారి చూశాడు. టేపు తెచ్చి మళ్లీ కొలిచాడు. ‘సరే’ అన్నాడు. ఆయన గొంతు పూర్తిగా లేవలేదు, కానీ గ్రౌండంతా వినపడింది. విజిల్ మోగింది.

ఇక ఆ ఆట గురించి చెప్పాలంటే నాకు సిగ్గే. మహేష్ కొట్టిన మొదటి బంతి నెట్టుకు తగిలింది. రెండోది నెట్టుకు తగిలింది. మదనపల్లెవాళ్లదీ అదే వరస. అరగంటలో నెట్టు దాటిన బంతుల కంటే నెట్టులో పడ్డవే ఎక్కువ. వాళ్లు తిట్టుకున్నారు, నవ్వుకున్నారు, మళ్లీ ఎగిరారు. ఒక్కరు కూడా నెట్టు దించమనలేదు.

లైసెన్సు మాకు వచ్చిందండీ, ఆ అనుమానం అక్కర్లేదు. వందకు తొంభై నాలుగు. ఆటకిచ్చే అయిదు మార్కుల్లో మాకు పడింది సున్నా. సోఫాలకు పదికి పదీ ఇచ్చారు. మిగిలిన ఒక్క మార్కు దేనికి తగ్గించారో ఇప్పటికీ తెలియదు.

ఆ సున్నా వేయబోయే ముందు పెద్ద పరిశీలకుడు మొదటిసారిగా కోర్టువైపు తలతిప్పి చూశాడు. మహేష్ పదో సారో పన్నెండో సారో బంతిని నెట్టుకు కొట్టి కింద కూలబడి ఉన్నాడు. రహీమన్న వాడి పక్కన నిలబడి, పైకి వేలు చూపిస్తూ ఏదో చెప్తున్నాడు. పరిశీలకుడు కలం ఎత్తిపట్టుకుని, మీవాళ్లకు అసలు వాలీబాల్ ఆడటం వచ్చా అని నన్నడిగాడు.

‘‘ఈ పొద్దే మొదులుపెట్టినారు సార్,’’ అన్నాను.